డైనమో ఎదురు తిరిగిన కథ

వెనకటి రోజుల్లో అల్లుడుగారికి సైకిలు పెడుతున్నారంటే, "డైనమో ఉన్నదేనా?" అని వియ్యపురాలు అడిగి తీరేది. సైకిలూ, చేతి గడియారమూ, రేడియో – ఈ మూడూ కుదిరితే పెళ్ళి కుదిరినట్టే లెక్క. ఆ సైకిలు వెనక చక్రం పక్కన బుల్లి సీసాలాంటి డైనమో ఒకటి ఉండేది. చీకటి పడగానే దాన్ని టైరుకు ఆనిస్తే, తొక్కినంతసేపూ ముందు దీపం వెలిగేది. ఆగితే ఆరిపోయేది. దీపం లేకపోతే పోలీసువారు, పన్ను బిళ్ళ లేకపోతే పంచాయతీవారు పట్టుకునే కాలం అది. అయినా సరే, వెన్నెల రాత్రుల్లో మన మగమహారాజులు డైనమో వేసేవారు కారు. వేస్తే తొక్కడం బరువయ్యేది మరి! దీపం ఊరికే వెలగదు కదా. కాళ్ళ సత్తువ కొంత తిని మరీ వెలుగుతుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్నామధ్య మా గుమ్మంలో డైనమో ఎదురు తిరిగింది.

మాకు జాకెట్లు కుట్టిపెట్టే ఆవిడ ఒకామె ఉంది. నరసరావుపేటకు కాస్త అవతలి పల్లె ఆమెది. కూతురికి బళ్ళో ఇచ్చిన సైకిలు, కూతురు అత్తవారింటికి పోయాక తల్లికి మిగిలింది. కుట్టిన బట్టలు సంచీలో పెట్టుకుని దాని మీదే పేటకు వస్తూండేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక రాక తగ్గింది. అలాంటిది ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఎండలో, పెడలు తొక్కకుండానే, మొహాన చెమట చుక్క లేకుండా వచ్చి మా ఇంటి ముందు దిగింది. సైకిలు వెనక ఒక పెట్టె, ఆ పెట్టెలోంచి హ్యాండిలు దాకా తీగలు!

"ఏమమ్మాయ్, మోటారు పెట్టించావా?" అన్నాను.

"నేనేడ పెట్టించాను పిన్నిగారూ! మావాడు ఐటీఐ చదూతన్నాడు గదా, వాడి పరీచ్చలకి నా సైకిలే దొరికింది. నేను దొరికాను" అని నవ్వేసింది.

ఆమె నవ్వులాటకే అన్నది గాని, ఆలోచిస్తే కరెంటు సైకిలు చరిత్ర అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సైకిలుకు మోటారు తగిలిద్దామని ఎవరికి బుద్ధి పుట్టినా, ముందు చేతికి అందింది మామూలు తొక్కుడు సైకిలే. ఎక్కి చూసి, బాగోగులు చెప్పే పని మాత్రం ఇంట్లోవాళ్ళ మీద పడింది.

మొదట ఆ డైనమో సంగతి చెప్పనివ్వండి. తిప్పితే కరెంటు పుట్టించే యంత్రానికే కరెంటు ఇస్తే, అది తనంత తాను తిరుగుతుంది. తిప్పినప్పుడు డైనమో, తిరిగినప్పుడు మోటారు. సూత్రం ఒక్కటే. 1873లో వియన్నా నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఈ విషయం లోకానికి తెలిసింది. జెనోబ్ గ్రామ్ అనే ఆయన తయారుచేసిన యంత్రాన్ని ఒకచోట తిప్పి, పుట్టిన కరెంటును తీగల మీదుగా రెండో యంత్రానికి పంపిస్తే, ఆ రెండోది గిర్రున తిరిగింది. మన సైకిలు డైనమో కాళ్ళ నుంచి కరెంటు తీసుకునేది. దాన్ని తిరగేసి, కరెంటు చేత కాళ్ళ పని చేయించవచ్చునని తెలిశాక ఇంకేం కావాలి?

ఎనిమిదేళ్ళు తిరక్కుండా పారిస్‌లో గుస్తావ్ త్రూవే అనే ఆయన ఆ పని చేసేశాడు. కొత్త బండి కట్టించలేదు. ఇంగ్లండులో తయారైన మామూలు తొక్కుడు మూడు చక్రాల సైకిలు ఒకటి తీసుకున్నాడు. చిన్న మోటార్లను బాగుచేసి దానికి బిగించాడు. గాస్తోన్ ప్లాంతే 1859లో కనిపెట్టిన సీసపు బ్యాటరీ అప్పటికే ఉంది. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోదగినది. దాన్ని వెనక పెట్టాడు. 1881 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో ఆ బండి గంటకు దాదాపు 12 కిలోమీటర్ల వేగంతో నడిచింది. కొద్ది వారాలకే ఆ మోటారు పద్ధతినే పడవకు తగిలించి, సేన్ నది మీద కూడా తిప్పాడు. చూశారా, లోకంలో తొలి కరెంటు బళ్ళలో ఒకటి ఫ్యాక్టరీలో పుట్టలేదు. ఉన్న సైకిలుకు ఉన్న సామాను తగిలిస్తే పుట్టింది. మా ఐటీఐ కుర్రాడు చేసింది అక్షరాలా అదే.

రెండు చక్రాల సైకిలు వంతు 1895లో వచ్చింది. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయనకు ఆ ఏడు డిసెంబరు 31న ఒక పేటెంటు ఇచ్చారు. ఆ బొమ్మ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మోటారు వెనక చక్రం నడిబొడ్డులో ఉంది. బ్యాటరీ సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఫ్రేములో వేలాడుతోంది. ఇవాళ బజారులో దొరికే కరెంటు సైకిలు అమరిక కూడా చాలావరకు ఇదే!

మరైతే ఇన్నాళ్ళూ అది ఏమైపోయింది అంటారా? సీసం బరువు దాన్ని ముంచింది. బ్యాటరీ మోయడానికే సగం సత్తువ పోయేది. ఈలోగా పెట్రోలు చవకగా దొరికి, ఇంజను రాజ్యమేలింది. కరెంటు కారు మాత్రం కొన్నాళ్ళు ఆడవాళ్ళ ఆదరణ మీద బతికింది. పెట్రోలు కారుకు ముందు నిలబడి ఇనప కమ్మీ పెట్టి బలంగా తిప్పాలి. పొగ, మోత సరేసరి. ఊరంతటికీ పెట్రోలు కార్లు అమ్మిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా ఫోర్డు తన మట్టుకు వేరే కంపెనీవారి 1914 నాటి కరెంటు కారు నడుపుకొనేదంటే చూడండి. మొగుడు వండిన వంట మొగుడికే వదిలేసినట్టు!

సైకిలుకు బలం తగిలించే ముచ్చట మళ్ళీ జపాన్‌లో మొదలైంది, ఈసారి పెట్రోలుతో. రెండో ప్రపంచయుద్ధం ముగిసి, దేశం బూడిదగా ఉన్న రోజులు. తిండిగింజల కోసం ఆడవాళ్ళు సైకిళ్ళ మీద మైళ్ళకొద్దీ తిరిగేవారు. 1946లో హమామత్సు ఊళ్ళో సొయిచిరో హోండా అనే మెకానిక్కుకు, సైన్యం వదిలేసిన వైర్‌లెస్ సెట్లకు కరెంటు ఇచ్చే చిన్న ఇంజను ఒకటి కంటబడింది. దాన్ని సైకిలుకు బిగించాడు. పెట్రోలు ట్యాంకు ఎక్కడిది? ఇంట్లో పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ డబ్బాయే ట్యాంకు! ఎక్కించింది ఎవరిని? భార్య సాచీని.

నువ్వు తొక్కలేక అవస్థ పడుతుంటే చూడలేక చేశానని ఆయన తరవాత గొప్పగా చెప్పుకునేవాడట. ఆమె మాత్రం, ఆడవాళ్ళు నడపగలరో లేదో చూడడానికి నన్ను వాడుకున్నాడని అనేది. నలుగురూ చూసే వీధి కదా అని ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని బయల్దేరింది. ఊరంతా తిరిగి వచ్చేసరికి వాటి నిండా నూనె మరకలు. ఇలా అయితే కొన్నవాళ్ళు నిన్ను తిట్టిపోస్తారు అని మొహం మీదే చెప్పింది. మామూలుగా అయితే కసురుకునే మనిషి ఆ రోజు మారు మాట్లాడలేదట. నూనె చిమ్మకుండా సరిచేశాకే అది బజారుకు వెళ్ళింది. హోండా కంపెనీ పేరు లోకమంతా తెలుసు. సాచీ గారి పాడైపోయిన బట్టల సంగతి ఎంతమందికి తెలుసు?

ఇక మన సంగతి. పెట్రోలుతో నడిచే సైకిలు, అంటే మోపెడ్, తెలుగు గడ్డ మీదే తయారైంది. ఫ్రాన్సులోని మోటోబెకాన్ కంపెనీ సహకారంతో తిరుపతిలో "సువేగ" బళ్ళు 1960లలో చేశారు. 1972లో పూనా నుంచి "లూనా" వచ్చింది. 1980లో హోసూరు నుంచి "టీవీయస్ 50" వచ్చింది. అన్నిటికీ పెడళ్ళుండేవి. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇల్లు చేరవచ్చు. పాలక్యాన్లు, అరటిగెలలు, ఎరువుబస్తాలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ తల్లి – ఆ బుల్లి బండి మోయని బరువు లేదు.

పల్నాడులో దాని అవసరమూ ఎక్కువే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక, మెట్టభూములన్నీ పైరు వేసుకున్నాయి. మిరప, పత్తి పెరిగాయి. పొలం ఒకచోట, ఇల్లు ఒకచోట, మార్కెట్టు మరోచోట. దారులేమో నాపరాళ్ళ నేల మీద. ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. వేసవి వచ్చిందంటే మన రెంటచింతల పేరు పత్రికలకెక్కాల్సిందే. అలాంటి సీమలో బండి ఉన్నవాడిదే రాజ్యం. ఆ బండి తాళంచెవి మాత్రం మొగవాడి జేబులో ఉండేది. ఆడవాళ్ళ స్థానం వెనక క్యారియరు మీద. నాయకురాలు నాగమ్మ పన్నెండో శతాబ్దంలోనే గురజాలలో మంత్రిత్వం నెరిపి, కారెంపూడి యుద్ధాన్ని నడిపించింది కదండీ! అదే సీమలో ఆడపిల్ల సైకిలు సీటు మీద కూర్చోవడానికి ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది.

సీటు మీద కూర్చోవడం చిన్న విషయం కాదు. పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్పించడాన్నీ కార్యక్రమంలో చేర్చారు. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. అడ్డకమ్మీ ఉంటే బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు, ఇదే నయం అన్నవాళ్ళు కూడా ఉన్నారు! బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. దానివల్ల వయసుకు తగిన తరగతిలో హైస్కూలు చదివే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని 2017లో అచ్చయిన పరిశోధన లెక్క తేల్చింది. మన రాష్ట్రంలోనూ 2010ల చివర్లో "బడికొస్తా" పథకం కింద సర్కారు బడుల ఆడపిల్లలు సైకిళ్ళందుకున్నారు. మా కుట్టుపనావిడ ఇంటికి వచ్చిన సైకిలు అలాంటిదే. అది కూతురిని బడి దాకా మోసి, ఇప్పుడు తల్లిని మోస్తోంది.

సీసపు బరువు తీరింది 1991లో. ఆ ఏడు జపాన్‌లో లిథియం బ్యాటరీ బజారులోకి వచ్చింది. పది కిలోల సీసం చేసే పనిని రెండు మూడు కిలోల్లో చేసిపెట్టింది. అందుకు మూలపురుషులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సెల్‌ఫోను కోసం పెరిగిన ఆ బ్యాటరీయే, పాత బోల్టన్ గారి సైకిలుకు ప్రాణం పోసింది. 1993లో జపాన్‌లోనే యమహా కంపెనీ, మనం తొక్కుతుంటే మోటారు సాయంపట్టే సైకిలు తెచ్చింది. ముందొక బిడ్డ, వెనకొక బిడ్డ, బుట్టలో కూరలు పెట్టుకుని ఎత్తుదారి ఎక్కే తల్లులకు అదొక వరమైంది. తగినట్టు గట్టిగా తయారైన సైకిలు మీద ఇద్దరు పసిపిల్లలను ఎక్కించుకోవచ్చునని 2009లో అక్కడి నిబంధనలు కూడా సడలించారు.

మన దగ్గర కొత్తది కొనలేనివారు పాతదానికే తగిలిస్తున్నారు. 2025 జూలైలో విజయనగరం జిల్లా ఇంటర్మీడియట్ కుర్రాడొకడు, కాలేజీకి వెళ్ళడానికి తానే బ్యాటరీ సైకిలు చేసుకుంటే, ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అతన్ని మంగళగిరికి పిలిపించి, ఆ సైకిలు తానే నడిపి చూసి, లక్ష రూపాయల ప్రోత్సాహం ఇచ్చారు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మోటారు, బ్యాటరీ, రెండిటి మధ్యా కరెంటును అదుపుచేసే కంట్రోలరు, హ్యాండిలుకు యాక్సిలరేటరు – నాలుగే వస్తువులు. మోటారును కొందరు చక్రం నడుమనే అమర్చిన రకం కొంటారు. కొందరు వెనక చక్రం పక్కన బిగించి చైను వేస్తారు. దీని బలమెంత అంటారా? మన వంటింటి లెక్కలో చెబుతాను. మామూలు మనిషి అదేపనిగా సైకిలు తొక్కితే పుట్టే బలం, పాతకాలపు సీలింగు ఫ్యాను ఒకటి తినే కరెంటుకు సమానం. అంటే 75 వాట్లు. సైకిలు మోటారు 250 వాట్లు. ముగ్గురు మనుషుల బలమన్నమాట. మన మిక్సీలో సగం కూడా కాదు! 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండడానికి యూనిట్లో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ కరెంటు చాలు. ఫ్యాను అయిదు గంటలు తిరిగినంత. దాంతో పాతిక కిలోమీటర్లు పోవచ్చు. నరసరావుపేట నుంచి కోటప్పకొండకు వెళ్ళి, కొండ కింద నుంచే దండం పెట్టుకుని, మళ్ళీ ఇంటికి రావచ్చు.

మన చట్టమూ ఈ 250 వాట్ల దగ్గరే గీత గీసింది. మోటారు బలం అంతకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సూ, రిజిస్ట్రేషనూ అడగరు. కుర్రవాళ్ళ ఉబలాటం అక్కడ ఆగదు గదా! పెద్ద మోటారు పెడితే ఇంకా పరిగెడుతుందంటారు. పరిగెడుతుంది, నిజమే. ఆగవద్దూ? మామూలు సైకిలు బ్రేకులు కాలి వేగానికి తగ్గట్టు చేసినవి. వేగం రెట్టింపైతే, ఆపవలసిన జోరు నాలుగింతలవుతుంది. పాత ఫ్రేమూ, ముందు కర్రలూ ఆ అదురుకు తట్టుకోవాలి. వెనక చక్రానికి చీరకొంగు చిక్కకుండా కవచం ఉండాలి. బ్యాటరీ విషయం మరీ ముఖ్యం. మన ఎండల్లో పరుగెత్తి వచ్చిన బ్యాటరీ ఒళ్ళు కాలుతూ ఉంటుంది. చల్లారాకే, నీడలో, దానికి ఇచ్చిన చార్జరుతోనే పెట్టాలి. చౌకబారు చార్జరు తగిలించి, మంచం పక్కన పెట్టుకుని రాత్రంతా వదిలేసి నిద్రపోతే, అది బ్యాటరీ కాదు, తలగడ కింద పెట్టుకున్న నిప్పు. అవి అంటుకుంటే ఆర్పడం మహా కష్టం.

ఇవన్నీ మా కుట్టుపనావిడకు చెబుదామని ఆమె వచ్చేదాకా కాచుకు కూర్చున్నాను. పదిరోజుల తరవాత వచ్చింది. ఈసారి చూస్తే వెనక చక్రానికి వలలాంటి కవచం ఉంది. బ్రేకు కట్టలు కొత్తవి. బ్రేకు పట్టుకుంటే మోటారుకు కరెంటు ఆగిపోయే మీట కూడా బిగించాడట కుర్రాడు.

"ఎవరు చెప్పారే ఇవన్నీ?" అన్నాను.

"ఎవరు చెప్పేదేంది పిన్నిగారూ, నేనే చెప్పా. మొన్న పల్లం కాడ ఆగమంటే ఆగలా. కంపలోకి తీసకపోయింది. ఇంటికెళ్ళి, ఒరే, ముందు ఆపటం నేర్చుకోరా, నడపటం తరవాత అన్నా. రెండు రోజులు అలిగాడు. ఆనక వాడే బిగించాడు."

సాచీ గారి పేరు ఆమె ఎన్నడూ విని ఉండదు. అయినా హమామత్సులో ఆ ఇల్లాలు అన్న మాటే, డెబ్బై ఎనభై ఏళ్ళ తరవాత మన పల్నాడులో ఈమె నోట వచ్చింది. యంత్రాన్ని పుట్టించేవారు ఒకరు. దాన్ని మనిషికి పనికొచ్చేట్టు చేసేది మాత్రం, ఎక్కి, తిరిగి, పడి, ఇంటికొచ్చి మొహం మీద చెప్పే మనిషి. అందుకని మీ ఇంట్లో ఏ కుర్రాడైనా మీ పాత సైకిలు వైపు ఆశగా చూస్తున్నాడనుకోండి, వద్దనకండి. ఇవ్వండి. ఇచ్చి, మొదట మీరే ఎక్కండి. ఎక్కి, నచ్చనిదల్లా చెప్పండి.

సంచీలోంచి నా జాకెట్లు తీసిచ్చి ఆమె లేచింది.

"కూర్చో, ఎండ చల్లబడ్డాక పోదువుగాని. లేకపోతే మీవాణ్ణి రమ్మని ఫోను చెయ్యి" అన్నాను అలవాటుగా.

"వాడెందుకు పిన్నిగారూ, బండి నాదేగా!" అంటూ కొంగు నడుములో దోపుకుని సీటెక్కింది.